టెక్ సందేహాలు: ఫోర్ బై ఫోర్ ఉంటే వంకలో దిగేయొచ్చా?

ఈ వారం ఫోన్ బ్యాటరీల ప్రశ్నలన్నీ పక్కన పెట్టేశాను. ఫోర్ వీల్ డ్రైవ్ పికప్‌ల గురించి మొన్న రెండు ముక్కలు రాశానో లేదో, తిరుపతి, పలమనేరు, శ్రీకాళహస్తి వైపు నుంచి వరసగా ప్రశ్నలు వచ్చి పడ్డాయి. ట్రక్కులకీ టెక్ కాలమ్‌కీ ఏం సంబంధమని ఒకాయన విసుక్కున్నారు కూడా. ఉంది సార్. ఇప్పటి బండిలో చక్రం జారిందని ముందు తెలిసేది డ్రైవర్‌కి కాదు, లోపలున్న కంప్యూటర్‌కి.

(పలమనేరు నుంచి) మాకు ఇక్కడ మామిడి తోపు ఉంది. రోడ్డు నుంచి రెండు కిలోమీటర్లు మట్టి దోవ, మధ్యలో ఒక వంక, తర్వాత చెరువు కట్ట. ఫోర్ బై ఫోర్ పికప్ కొనాలనుకుంటున్నా. షోరూమ్ నుంచి వచ్చింది వచ్చినట్టు వాడితే సరిపోతుందా, లేక టైర్లూ సస్పెన్షనూ మార్చాలా?

సరిపోతుంది. మీరు చెప్పిన దోవకి ఇంకా ఎక్కువే. మన దగ్గర ఈ తరహా బండి అంటే ఎక్కువగా వినిపించేవి రెండు పేర్లు, ఇసుజు వి-క్రాస్, టొయోటా హైలక్స్. మొదటిది మనదే అనుకోవచ్చు, సత్యవేడు పక్కన శ్రీసిటీలోనే 2016 నుంచి తయారవుతోంది. దాని 1.9 లీటర్ డీజిల్ ఇంజిన్ టార్క్, అంటే తిప్పే బలం, 360 న్యూటన్ మీటర్లు, హైలక్స్ 2.8 లీటర్ ఆటోమేటిక్‌ది 500. 4ఎల్, అంటే నాలుగు చక్రాలకీ బలం ఇచ్చే తక్కువ గేరు, వేస్తే ఇంజిన్ నుంచి చక్రాలకి వెళ్లే బలం సుమారు రెండున్నర రెట్లు పెరుగుతుంది, వేగం అంతే తగ్గుతుంది. రాళ్లు తేలిన మిట్ట మీదికి కాలు యాక్సిలరేటర్ మీద పెట్టీ పెట్టనట్టుగా పాక్కుంటూ ఎక్కేస్తుంది. కాబట్టి బలం గురించి మీకు టెన్షన్ అక్కర్లేదు.

ఇబ్బందంతా వేరే చోట ఉంది, అది నాకు తెలిసొచ్చింది పాకాల వైపు ఒక తోపుకి వెళ్లినప్పుడు. మా బావమరిది పాత పికప్, ఫోర్ వీల్ డ్రైవే, కానీ ట్రాక్షన్ కంట్రోల్ (ఊరికే తిరిగే చక్రాన్ని కంప్యూటర్ పట్టి ఆపే ఏర్పాటు) లేని మోడల్. నీళ్లు లేని చిన్న వంక, ఎదురుగా గట్టు. నేరుగా దిగి నేరుగా ఎక్కాల్సింది, పొదలున్నాయని నేను ఏటవాలుగా దింపాను. ముందు ఎడమ చక్రం గాల్లోకి లేచింది, వెనక కుడి చక్రం గుంతలో వేలాడింది, అంతే, బండి ఆగిపోయింది. 4ఎల్ వేసే ఉంది. ఇంజిన్ అరుస్తోంది, ఆ రెండు చక్రాలూ ఫ్యాన్లలా తిరుగుతున్నాయి, నేల మీదున్న మిగతా రెండూ కదలడం లేదు. ట్రాక్టర్ తెచ్చి లాగిన కుర్రాడు తాడు చుడుతూ అన్నాడు, "నాలుగు చక్రాలూ తిరుగుతాయంటిరే, రెండే కదన్నా తిరగతా ఉండేది?" వాడన్నది అక్షరాలా నిజం.

దానికి కారణం డిఫరెన్షియల్. మలుపులో లోపలి చక్రం తక్కువ దూరం, బయటి చక్రం ఎక్కువ దూరం తిరగాలి కాబట్టి రెండింటికీ వేర్వేరు వేగాన్ని ఒప్పుకునే గేర్ల పెట్టె అది. రెండు వైపులా సమానంగా బలం పంచుతుంది, కానీ ఒక చక్రం గాల్లో ఉంటే దానికి పట్టే బలం దాదాపు సున్నా, కాబట్టి రెండో చక్రానికి కూడా అందేది సున్నాయే. ముందూ వెనకా అలాంటి పెట్టె ఒక్కొక్కటి ఉంటుంది, అందుకే మూలకి మూల రెండు చక్రాలు లేస్తే ఫోర్ వీల్ డ్రైవ్ అయినా ఆట కట్టు.

దీనికి విరుగుడు రెండు రకాలు. ఒకటి డిఫ్ లాక్, స్విచ్ నొక్కితే వెనక రెండు చక్రాలూ ఒకే ఇనుప కడ్డీకి బిగించినట్టు కలిసి తిరుగుతాయి. హైలక్స్‌లో ఇది ఉంది. రెండోది సాఫ్ట్‌వేర్, ట్రాక్షన్ కంట్రోల్ అంటే అదే. ఊరికే తిరిగే చక్రాన్ని బ్రేకుల్లోని ఏబీఎస్ సెన్సర్ పట్టుకుంటుంది, కంప్యూటర్ ఆ ఒక్క చక్రానికి మాత్రమే బ్రేక్ వేస్తుంది, అప్పుడు బలం అవతలి చక్రానికి పోతుంది. కింద నుంచి గర్‌గర్‌మని చప్పుడొస్తుంది, బండి విరిగిపోతోందేమో అని మొదటిసారి అందరూ భయపడి కాలు తీసేస్తారు. తీయకండి. కంప్యూటర్‌కి చక్రం జారుతోందని నమ్మకం కుదరడానికి ఒకటి రెండు క్షణాలు పడుతుంది, అంతసేపూ కాలు అదరకుండా ఒకే తీరుగా నొక్కి ఉంచాలి. కొనే ముందు మీరు చూసుకోవాల్సింది ఇదే. ఏ వేరియంట్‌లో ట్రాక్షన్ కంట్రోల్ ఉందో, దేన్లో డిఫ్ లాక్ ఉందో షోరూమ్‌లో గుచ్చి గుచ్చి అడగండి. టచ్ స్క్రీన్ ఎన్ని అంగుళాలో తర్వాత చూసుకోవచ్చు.

ఇక పొడవు. ఈ బండ్లు దాదాపు 5.3 మీటర్లు, ముందు చక్రానికీ వెనక చక్రానికీ మధ్య 3.1 మీటర్ల దాకా ఉంటుంది. పాత మూడు తలుపుల థార్‌లో అది 2.45 మీటర్లే. చెరువు కట్ట మీదికి నిట్టనిలువుగా ఎక్కి అవతలికి దిగేటప్పుడు ముందు చక్రాలు దాటాక కట్ట అంచు బండి కడుపుకి తగులుతుంది, థార్ దాటిన చోట పికప్ కూర్చుండిపోతుంది. వెనక తోక కూడా పొడవే, వంకలోంచి ఎక్కేటప్పుడు బంపర్ నేలని గీరుతుంది. ట్రాక్టర్లు తిరిగి తిరిగి లోతుగా గాడి పడిన దోవలో నడిమి మిట్ట ఇలాగే తగులుతుంది, అక్కడ గాడిలోకి దిగకుండా ఒక వైపు చక్రాన్ని మిట్ట మీద, రెండో దాన్ని గాడి బయట పెట్టి నడపండి.

టైర్ల సంగతి. షోరూమ్ నుంచి వచ్చేవి సాధారణంగా హైవేని దృష్టిలో పెట్టుకున్న టైర్లు. ఎండిన ఎర్రమట్టిలో, గులకరాళ్ల మీద బాగానే ఉంటాయి. వాన పడిన జిగట మట్టిలో మాత్రం టైరు మీది గాడులన్నీ మట్టితో నిండిపోయి నున్నగా తయారవుతాయి, అప్పుడు ఫోర్ వీల్ డ్రైవ్ అంటే నాలుగు చక్రాలూ కలిసి జారడం. మీరు ఏదైనా మార్చాలనుకుంటే ఇదొక్కటే మార్చండి, అదే సైజులో ఆల్ టెరైన్ టైర్లు, అదీ ఇప్పుడున్నవి అరిగాకే. ఇంకో మాట, తొట్టి ఖాళీగా ఉన్నప్పుడు వెనక భాగం తేలికగా ఉండి, పట్టీల స్ప్రింగుల మీద ఎగిరెగిరి పడుతుంది. వెనక ఇరుసు మీదికి వచ్చేలా నాలుగైదు ఇసుక మూటలు కట్టి పెడితే తేడా మీకే తెలుస్తుంది. కాయల క్రేట్లు ఉన్న రోజున ఆ అవసరం కూడా ఉండదు.

తిరుమల ఘాట్ రోడ్డులో వాన పడుతుంటే 4హెచ్ (మామూలు గేర్లతోనే ఫోర్ వీల్ డ్రైవ్) వేసుకుని వెళ్లొచ్చా? మొన్న అలాగే వెళ్లి పైన పార్కింగ్‌లో తిప్పుతుంటే స్టీరింగ్ బిగుసుకుపోయి కింద కట్‌కట్‌మని చప్పుడొచ్చింది.

వద్దండీ. ఈ పికప్‌లలో 4హెచ్ వేస్తే ముందు ఇరుసూ వెనక ఇరుసూ ఒకదానికొకటి బిగుసుకుపోతాయి, మధ్యలో డిఫరెన్షియల్ ఉండదు. మలుపులో ముందు చక్రాలు వెనకవాటి కన్నా ఎక్కువ దూరం తిరగాలి కదా, మట్టిలో అయితే టైరు కాస్త జారి సర్దుకుంటుంది, తారు మీద జారదు. ఆ మెలి అంతా గేర్లలో, షాఫ్టుల్లో పేరుకుపోతుంది. మీరు విన్న చప్పుడు అదే. వెంటనే 2హెచ్‌కి, అంటే వెనక రెండు చక్రాలకే బలం వెళ్లేలా, తిప్పండి, డ్యాష్‌బోర్డు మీద ఫోర్ వీల్ డ్రైవ్ లైట్ ఆరకుండా మెరుస్తూనే ఉంటే స్టీరింగ్ తిన్నగా పెట్టి కొన్ని మీటర్లు వెనక్కి పోనివ్వండి, మెలి విడిపోతుంది. ఘాట్‌లో వాన పడుతున్నా తారుకి పట్టు ఉంటుంది, దిగేటప్పుడు మీకు కావాల్సింది తక్కువ గేరు. ఫోర్ వీల్ డ్రైవ్ వల్ల బండి త్వరగా ఆగదు, ఆపడానికి ఏ బండికైనా బ్రేకులు నాలుగు చక్రాలకీ ఉంటాయి.

హైలక్స్ 700 మిల్లీమీటర్ల నీళ్లలో వెళ్తుందట. మా ఊరి దగ్గర స్వర్ణముఖి కాజ్‌వే మీద అంతకన్నా తక్కువే పారుతుంది. వెళ్లిపోవచ్చా? (శ్రీకాళహస్తి నుంచి)

ఆ 700 కంపెనీ చెప్పిన లెక్కే. కానీ నీళ్లు నిలకడగా ఉండి, అడుగు గట్టిగా ఉండి, మీరు నడక వేగంతో ఆగకుండా పోతేనే. పారే నీళ్ల లెక్క పూర్తిగా వేరు. రెండడుగుల నీళ్లు వేగంగా పారితే పికప్‌ని కూడా తోసుకుపోతాయి, ఎందుకంటే అంత లోతులో బండి కొంత తేలుతుంది, టైర్ల మీద బరువు తగ్గుతుంది. 2021 నవంబరు వానలకి స్వర్ణముఖి ఎలా పారిందో, రాయలచెరువు కట్ట కింది ఊళ్లని ఎలా ఖాళీ చేయించారో మీరే చూసి ఉంటారు. కాజ్‌వే మీద నీళ్లు పారుతుంటే ఏ బండైనా ఆగాల్సిందే, నాది మీకన్నా పెద్ద బండి అయినా ఆగుతాను.

నిలిచిన నీళ్లయితే ముందు దిగి కర్రతో లోతు చూడండి. నీళ్లు బానెట్ కింద గాలి పీల్చుకునే గొట్టం దాకా వస్తే ఇంజిన్ గాలికి బదులు నీళ్లు తాగుతుంది. నీళ్లు గాలిలా నొక్కుకుపోవు కాబట్టి కనెక్టింగ్ రాడ్డే వంగుతుంది. మధ్యలో ఆగిపోతే మళ్లీ స్టార్ట్ చేయొద్దు, తాడు కట్టి లాగించండి. బయటికొచ్చాక బ్రేకులు రెండు మూడుసార్లు మెల్లగా తొక్కి ఆరబెట్టండి. ఆ తర్వాత ఒకరోజు డిఫరెన్షియల్ ఆయిల్ చూపించండి. పాలు కలిపిన కాఫీలా కనిపిస్తే నీళ్లు చేరినట్టు, మార్చేయాలి.

స్వర్ణముఖి ఇసుకలో దిగబడితే?

టైర్లలో గాలి తీయండి, అంతే. 35 పీఎస్ఐ ఉన్నదాన్ని 18కి దించితే టైరు నేల మీద పొడవుగా పరుచుకుంటుంది, ఇసుకలో మునగదు. స్టెబిలిటీ కంట్రోల్ స్విచ్ కూడా ఆఫ్ చేయండి, లేకపోతే చక్రం జారిందని కంప్యూటర్ ఇంజిన్ బలాన్నే కోసేస్తుంది, ఇసుకలో అది ఆగిపోవడానికి దగ్గరి దారి. ఒకసారి నేను గాలి తీసి హుషారుగా బయటపడి, మళ్లీ కొట్టడానికి పంపు లేక పంక్చర్ షాపు దాకా 6 కిలోమీటర్లు ఎడ్లబండి వేగంతో వెళ్లాను. వెనక వచ్చిన ఆటోవాళ్లందరూ చేయి చూపించి "గాలి లేదు గాలి లేదు" అని అరుస్తూనే ఉన్నారు.

తలకోన వైపు సిగ్నల్ ఉండదు. ఏ మ్యాప్ వాడాలి?

జీపీఎస్‌కి సిగ్నల్ అక్కర్లేదు, మ్యాప్ బొమ్మకే డేటా కావాలి. ఇంట్లో వైఫై ఉన్నప్పుడే గూగుల్ మ్యాప్స్‌లో ఆ ప్రాంతాన్ని ఆఫ్‌లైన్‌కి దించుకోండి. కాలిబాటలు, వంకలు, ఎత్తుపల్లాల గీతలు కావాలంటే ఓస్మ్‌యాండ్ అనే మ్యాప్ యాప్ మేలు. వెళ్లేటప్పుడు మీ దోవని రికార్డ్ చేయమనండి, చీకటి పడితే అదే గీత పట్టుకుని వెనక్కి రావచ్చు. మ్యాప్‌లో గీత ఉంది కదా అని శేషాచలం అడవిలోకి తిప్పకండి. అది నేషనల్ పార్క్, అనుమతి కావాలి. పైగా ఎర్రచందనం అడవిలో రాత్రిపూట ఖాళీ పికప్ కనిపిస్తే, మీరు ఆఫ్‌రోడింగ్‌కి వచ్చామని చెబితే ఎవరు నమ్ముతారు?

లిఫ్ట్ కిట్ వేయిస్తే ఎత్తు పెరుగుతుంది కదా?

బాడీ పెరుగుతుంది. వెనక ఇరుసు మధ్యలో గుండ్రంగా వేలాడే డిఫరెన్షియల్ మాత్రం ఎక్కడున్నది అక్కడే ఉంటుంది, రాయి తగిలేది దానికే. అది లేవాలంటే టైరే పెద్దదవ్వాలి. పెద్ద టైరు వేస్తే స్పీడోమీటర్ తక్కువ చూపిస్తుంది, వారంటీ దగ్గర పేచీ వస్తుంది. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 కూడా కంపెనీ ఇచ్చిన స్వరూపాన్ని ఇష్టమొచ్చినట్టు మార్చడానికి ఒప్పుకోదు, 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా అదే చెప్పింది. బంపర్ ముందు ఇనుప కడ్డీల బుల్ బార్ బిగించడం అసలే కుదరదు.

ఏ గాలి పంపు కొనాలి?

సిగరెట్ లైటర్ సాకెట్‌కి పెట్టే బుల్లి పంపులు కారు టైర్లకి సరే, ఇంత పెద్ద టైర్లకి రెండో టైరుకే సలసల కాగిపోతాయి. బ్యాటరీకి నేరుగా క్లిప్పులు తగిలించేది తీసుకోండి, కొట్టేటప్పుడు ఇంజిన్ ఆన్‌లో ఉంచండి. ప్రెజర్ గేజ్ మాత్రం విడిగా కొనుక్కోండి, పంపు మీద ఉండే ముల్లుని నేను నమ్మను.