పాపకు ‘సిరి’ అని పెట్టొచ్చా?

ఇరవై ఒకటో రోజున బారసాల, ‘సిరి’ అనుకుంటున్నాం, కానీ అది ఫోన్లో పలికే పేరు, పైగా రెండక్షరాలే అని మా అత్తగారికి నచ్చలేదు, ఏం చేయమంటారు అని అడిగారు. నిక్షేపంగా పెట్టుకోండి. మా అమ్మాయి పేరు అదే. ఇప్పుడు ఏడో తరగతి చదువుతోంది.

మా అత్తగారికీ మొదట్లో మింగుడుపడలేదు. వాళ్ల అత్తగారు మహాలక్ష్మమ్మ గారి పేరు కలవాలని ఆవిడ పట్టుదల. సిరి అంటే లక్ష్మే కదా అని సర్దిచెప్పింది మా మామగారు. అక్కడికక్కడే ‘సిరికిం జెప్పడు’ పద్యం అందుకున్నారు. ఏనుగు మొర విని విష్ణుమూర్తి పక్కనున్న లక్ష్మీదేవికైనా చెప్పకుండా పరుగెత్తే ఆ పద్యాన్ని పోతన గారు ఎత్తుకున్నదే ఈ మాటతో. అత్తగారు ఇంకేం అనలేదు. నక్షత్రం చూసేవాళ్లయితే శతభిషం మూడో పాదానికి ‘సీ’ వస్తుంది. మా పిల్లది ఆ నక్షత్రం కాదు. పళ్లెంలో బియ్యం మీద జన్మనామం వేరేగా రాసి, పిలుపుకి సిరి అని పెట్టుకున్నాం. మా పురోహితుడు గారు కాదనలేదు.

ఇక ఫోన్ సంగతి. ఏదైనా అడిగితే నోటితో బదులు చెప్పే ఈ సిరిని యాపిల్ వాళ్లు 2011లో ఐఫోన్ 4ఎస్‌తో తెచ్చారు. 2023లో వచ్చిన ఐఓఎస్ 17లో ముందు ‘హే’ అనకుండా ఉత్త పేరు పిలిచినా పలికే వీలు కూడా పెట్టారు. నేను వంటింట్లోంచి ‘సిరీ, జడ వేస్తా రా’ అని కేకేస్తే హాల్లో మా ఆయన ఫోన్ వెలిగేది. సెట్టింగ్స్‌లోకి వెళ్లి ఆ పిలుపు ఆపేస్తే సరిపోయింది. అదేం సమస్య కాదు.

బడిలో మాత్రం కొంత ఉంటుంది, అది దాచను. నాలుగో తరగతిలో తోటిపిల్లలు ‘హే సిరి, ఇవాళ వాన పడుతుందా’ అని వెంటపడి ఏడిపించారు. ఇంటికొచ్చి నా పేరు మార్చెయ్యమని ఏడ్చింది. నాకు కడుపు తరుక్కుపోయింది. మామగారు రోజూ రాత్రి పక్కన కూర్చోబెట్టుకుని ఆ పద్యం నేర్పారు. ‘శంఖచక్రయుగముం జేదోయి సంధింపడు’ దగ్గర దానికి నోరు తిరిగేది కాదు, పట్టుబట్టి నేర్చుకుంది. తెలుగు పీరియడ్‌లో అప్పజెప్పాక టీచర్ అర్థం చెప్పారట. ఏడిపించడం వెంటనే ఆగలేదు కానీ, పేరు మార్చమని అది మళ్లీ అడగలేదు. కాబట్టి పాపకు కాస్త ఊహ తెలియగానే ఆ పద్యం నేర్పండి.

పొట్టి పేరని బెంగెందుకు? పెద్ద పేర్లన్నీ ఇంట్లో బుజ్జి, చిన్ని అయిపోవడం చూస్తూనే ఉన్నాం. దీన్ని కత్తిరించే పనే లేదు. సందు చివరి నుంచి పిలవాలంటే ‘సిరీ...’ అని ఎంతైనా సాగుతుంది. తెలుగు రాని టీచర్లు కూడా సరిగ్గా పలుకుతారు. అందుకే నిండుగా ఉంటుందని సిరిచందన, సిరివర్షిణి అని పొడిగించొద్దంటాను. అవీ మంచి పేర్లే, కానీ మీకు నచ్చింది సిరి కదా!

కాగితాల విషయంలో రెండు మాటలు. పేరు తేలకపోయినా పుట్టుక 21 రోజుల్లోపు నమోదు చేయించండి. పేరు 12 నెలల్లోపు ఫీజు లేకుండా చేర్చుకోవచ్చు. ఇంటిపేరు పొడి అక్షరంగా కాక పూర్తిగా రాయించండి, రేపు పాస్‌పోర్ట్‌లో ఆ గడి ఖాళీగా ఉంటే వీసాల దగ్గర తిప్పలు. న్యూమరాలజీ అని స్పెల్లింగ్‌లో ఇంకో ఇంగ్లిష్ అక్షరం తగిలించమనేవాళ్లు తప్పక వస్తారు, ఒప్పుకోవద్దు. ఎస్, ఐ, ఆర్, ఐ అని ఆసుపత్రి ఫారంలో ఎలా రాశారో ఆధార్‌లో, బడిలో, పదో తరగతి మెమోలో అలాగే ఉండేలా చూసుకోండి.