అటక మీది తులసిదళం, దొరకని ఆ ఒక్క వారం

మీకిష్టమైన హారర్ రచయిత మొదట ఎలా తెలిశారు అని అడిగారు. నాకు యండమూరి వీరేంద్రనాథ్ తెలిసింది ఆయన్ని తిట్టిన పుస్తకం వల్ల.

1991 ఎండాకాలం. నాకు 12 ఏళ్లు. సెలవులకి బెజవాడ సత్యనారాయణపురంలో పెద్దమ్మ వాళ్లింటికి పంపించారు. ఇప్పుడు బీఆర్‌టీఎస్ రోడ్డున్న చోట అప్పుడు రైలు పట్టాలుండేవి. రాత్రిపూట గూడ్సు వెళ్తుంటే వంటింట్లో స్టీలు గ్లాసులు గణగణమనేవి. పగలు గుమ్మం దాటే పని లేదు, బెజవాడ ఎండ సంగతి చెప్పాలా. తెచ్చుకున్న చందమామలు రెండో వారానికే అయిపోయాయి. ఇక ముందుగదిలో పెద్దనాన్న బీరువా మీద పడ్డాను.

పెద్దనాన్న పక్కా కమ్యూనిస్టు. ఏలూరు రోడ్డులో విశాలాంధ్ర పుస్తకాల షాపుకి వెళ్లి ఖాళీ సంచితో ఇంటికొచ్చిన రోజు లేదు. ఆ బీరువాలో నాకు పనికొచ్చేది ఒక్కటీ కనపళ్లేదు. ఒక పేరు దగ్గర మాత్రం చెయ్యి ఆగింది. 'తులసిదళం కాదు, గంజాయి దమ్ము'. రంగనాయకమ్మగారిది. తీసి నాలుగు పేజీలు చదివాను. సగం అర్థం కాలేదు. అర్థమైందల్లా ఇదీ: ఎవరో చేతబడి మీద ఓ నవల రాశాడు, జనం ఎగబడి చదివారు, ఇలాంటివి మూఢనమ్మకాల్ని పెంచుతాయని ఈవిడకి ఒళ్లు మండింది. 12 ఏళ్ల పిల్లకి ఒక నవల మీద ఆశ పుట్టించడానికి ఇంకేం కావాలి!

వంటింట్లోకి వెళ్లి, "పెద్దమ్మా, తులసిదళం అంటే ఏంటి?" అన్నాను.

చింతపండు పిసుకుతున్న చెయ్యి ఆగింది. "నీకెవరు చెప్పారే?" అంటూనే ఒక్కసారి పైకి చూసింది. అటక వైపు. వెంటనే చూపు దించేసుకుంది గానీ, నాకా చూపు చాలు.

మధ్యాహ్నం అందరూ నిద్రపోయాక ట్రంకుపెట్టె మీద స్టూలేసుకుని ఎక్కాను. పాత దోమతెర, మూత లేని జాడీ, అత్తగారి నాటి ఇత్తడి గంగాళం. గంగాళంలో, పాత లుంగీలో చుట్టి ఉంది. అది పుస్తకం కాదు. ఆంధ్రభూమి వారపత్రికలో సీరియల్‌గా వచ్చిన పేజీల్ని వారం వారం చింపి దాచి, ఆఖర్న బైండు చేయించిన కట్ట. 1980ల మొదట్లో చాలా ఇళ్లలో ఇలాంటి కట్టలుండేవట. ముదురాకుపచ్చ క్యాలికో అంటించిన అట్ట. బైండింగ్ చేసినాయన అంచులు మరీ లోపలికి కోసెయ్యడంతో కొన్ని పేజీల్లో వరస చివరి అక్షరం ఎగిరిపోయింది. మనమే కూడబలుక్కుని చదువుకోవాలి. పేజీ తిప్పితే వెనకాల ఇంకెవరిదో కథ తోక, సగం జోకు, ఒక తలనూనె ప్రకటన. ప్రతి భాగం చివరా 'సశేషం'.

కిందికి తెచ్చుకునే ధైర్యం లేక అటక మీదే బోర్లా పడుకుని చదివాను. పైన కాలిపోతున్న శ్లాబు, కింద నిద్రపోతున్న ఇల్లు. తులసి అనే చిన్నపిల్ల, ఆ పిల్ల మీద ప్రయోగం చేసే కాద్రా అనే మాంత్రికుడు. సాయంత్రానికి నేను దొడ్లో బాత్రూముకి ఒంటరిగా వెళ్లలేని స్థితికి వచ్చేశాను.

ఎందుకంత భయపెట్టిందో అప్పుడు తెలీదు, ఇప్పుడు చెప్పగలను. పిల్లకి ఏం జరిగినా దానికి డాక్టరు చెప్పే కారణం ఒకటుంటుంది, మంత్రగాడు చెప్పే కారణం ఒకటుంటుంది. రెండూ పక్కపక్కనే నడుస్తాయి. ఒకదాన్ని నమ్మి హాయిగా పడుకుందామంటే రెండోది గిల్లుతూ ఉంటుంది. యండమూరి చదువుకి ఛార్టర్డ్ అకౌంటెంటని తెలిసినప్పుడు నవ్వొచ్చింది. జమా ఖర్చూ రెండు వైపులా సరిచూసుకునే మనిషి కాబట్టే అలా రాశాడేమో.

మూడోరోజు ఒకచోట గతుక్కుమన్నాను. ఒక భాగం మంచి పట్టు మీద ఆగింది, సశేషం. తిప్పితే తర్వాతి పేజీలో కథ ఇంకెక్కడో ఉంది. నడుమ ఒక వారం లేదు. ముందుకీ వెనక్కీ తిప్పుతుండగా కింద స్టూలు కదిలిన చప్పుడు. పెద్దమ్మ.

తిడుతుందనుకున్నాను. ముందుగది వైపు ఓసారి చూసి, గొంతు తగ్గించి, "మీ పెద్దనాన్నకి చెప్పకు. ఆయన దృష్టిలో ఇది ఎప్పుడో పొయ్యిలోకి పోయింది" అంది.

"ఇక్కడ ఒక వారం లేదు పెద్దమ్మా."

"అదా! దాని ముందువారం చదివి నిద్రలో కేకేశానంట. మర్నాడే ఆయన పేపరబ్బాయికి పత్రిక వెయ్యొద్దని చెప్పేశాడు. నేను రెండ్రోజులు మాట్లాడకపోయేసరికి మళ్లీ వేయించాడు. నడుమ ఆ ఒక్క వారం పోయింది."

"మరి ఆ వారం ఏం జరిగింది?"

"రాత్రి చెప్తాలే. దిగు ముందు, గంగాళం మీద పడేవు."

ఆ రాత్రి డాబా మీద చెప్పింది. కరెంటు లేదు. నీళ్లు చల్లిన గచ్చు ఇంకా వేడి కక్కుతోంది. పెద్దనాన్న అవతలి మంచం మీద గురక. నా చెవి దగ్గర పెద్దమ్మ గొంతు, ఆవిడ విసురుకునే తాటాకు విసనకర్ర చప్పుడు.

అర్ధరాత్రి తులసి వాళ్లమ్మకి మెలకువ వస్తుందంట. పక్కలో పిల్ల ఉండదు. వంటింట్లోంచి గరగరమని శబ్దం. వెళ్లి చూస్తే చీకట్లో రుబ్బురోలు ముందు కూచుని పిల్ల పొత్రం తిప్పుతుంటుందంట. రోట్లో ఏమీ ఉండదు. రాయి మీద రాయి. పిల్ల ఎడం చేత్తో, పిండి ఎగదోస్తున్నట్టు, లేని పిండిని ఎగదోస్తుంటుంది. "ఏంటమ్మా ఇది?" అంటే తలెత్తకుండా "రేప్పొద్దున జనం వస్తారుగా, వాళ్లకి" అంటుందంట.

అక్కడ పెద్దమ్మ విసనకర్ర ఆపేసింది. "ఎందుకొస్తారు జనం?" అని నేను అడగలేదు. తెలిసిపోయింది.

మిగతా సెలవులన్నీ వాళ్లింటి రుబ్బురోలుకి నాలుగడుగుల దూరంలోంచే తిరిగాను. పెద్దమ్మ గారెల పప్పు రుబ్బుతుంటే చెవులు మూసుకునేదాన్ని. ఆవిడ నవ్వుకునేది, రాక్షసి.

స్కూలు తెరిచాక నేనే గొప్పనుకుంటే క్లాసులో సగంమంది కాష్మోరా సినిమా చూసి ఉన్నారు. అది దీని తర్వాతి నవల 'తులసి' ఆధారంగా 1986లో తీసింది.  వాళ్లకి రెండోది ముందొచ్చిందన్నమాట! ఇప్పుడు మొదలుపెట్టేవాళ్లు మాత్రం వరసగా, దళం తర్వాతే తులసి చదవండి. ఆ తర్వాత అద్దె పుస్తకాల షాపుల్లో దొరికిన క్షుద్ర నవలలు ఎన్నో చదివాను. నిమ్మకాయ, పసుపు గుడ్డ, సూదులు గుచ్చిన బొమ్మ, శ్మశానం. ఒక్కదాని పేరూ గుర్తులేదు. వాటిలో మంత్రగాడు ఒక్కడే ఉంటాడు, డాక్టరుండడు, అందుకే తేలిపోయాయి.

ఇంగ్లీషు కాస్త వచ్చాక లెనిన్ సెంటర్ పాత పుస్తకాల్లో అమెరికన్ హారర్ రచయిత స్టీఫెన్ కింగ్ దొరికాడు. ఆయన సంగతి ఒకటి చెప్పాలి. ఆయనకి రెండేళ్లప్పుడు తండ్రి ఇల్లు వదిలి వెళ్లిపోయాడు. కొన్నేళ్లకి బంధువుల ఇంట్లో, గ్యారేజీ పైన అటక మీద, ఆ తండ్రి వదిలేసిన పుస్తకాల పెట్టె దొరికింది. అందులో లవ్‌క్రాఫ్ట్ అనే పాతతరం హారర్ రచయిత కథల పుస్తకం. తన దారి అక్కడే దొరికిందని 1981లో వచ్చిన 'డాన్స్ మకాబ్ర్' అనే పుస్తకంలో ఆయనే రాసుకున్నాడు. అది చదివి లేచి నాలుగడుగులు నడిచొచ్చాను. ఎక్కడో అమెరికాలో కూడా అటకే!

అసలు విషయం ఇంకా చెప్పలేదు.

1998 జనవరి. స్వరాజ్య మైదానంలో పుస్తక మహోత్సవం. డిగ్రీలో నా మార్కులు చూసి నాన్న 'విజయానికి ఐదు మెట్లు' అనే వ్యక్తిత్వ వికాస పుస్తకం కొనిపెడతానని తీసుకెళ్లాడు. స్టాల్లో ఆ దొంతర పక్కనే తులసిదళం దొంతర. రెండింటి మీదా యండమూరి పేరే. ఒక చేత్తో ధైర్యం, ఇంకో చేత్తో భయం అమ్ముతున్నాడీయన అనుకుని, నాన్న డబ్బులతో రెండూ కొనిపించాను. మెట్లు ఇప్పటికీ పూర్తిగా ఎక్కలేదు.

ఇంటికొచ్చి నేరుగా ఆ జారిపోయిన వారం దగ్గరికి వెళ్లాను. చదివాను. మళ్లీ చదివాను. అనుమానమొచ్చి మొదటి పేజీ నుంచి చివరిదాకా వేలు పెట్టుకుని చదివాను. రుబ్బురోలు లేదు. పొత్రం లేదు. రేప్పొద్దున వచ్చే జనం అసలే లేరు.

సంక్రాంతికి వెళ్లినప్పుడు పెద్దమ్మని నిలదీశాను. అప్పటికి ఇంట్లోకి గ్రైండరు వచ్చింది, రోలు దొడ్లో వేపచెట్టు కిందికి పోయింది. అరిసెల పాకం తిప్పుతూ, తల కూడా ఎత్తకుండా, "నాకా వారం ఎక్కడ దొరికిందే చదవడానికి? మీ పెద్దనాన్న రానిస్తేగా! నువ్వేమో కళ్లింతలు చేసుకుని అడిగావు. నోటికొచ్చింది చెప్పాను" అంది.

"మరి నేను ఏడేళ్లు భయపడ్డానే!"

"అయితే బానే చెప్పానన్నమాట" అని పాకం ఉండకట్టిందో లేదో నీళ్లలో వేసి చూసుకుని, కాసేపాగి అడిగింది: "ఇంతకీ ఆ వారం నిజంగా ఏం జరిగిందే?"