మే నెలలో దుప్పటి కప్పుకుంటున్న అమ్మ

ప్రశ్న: మా అమ్మకు 52 ఏళ్లు. ఊరు దేవరకొండ దగ్గర. ఆరు నెలలుగా ఎవరితోనూ సరిగా మాట్లాడట్లేదు. పొయ్యి మీద పాలు పెట్టి మర్చిపోతోంది. మే ఎండల్లోనూ దుప్పటి కప్పుకుని పడుకుంటోంది. గాలి సోకిందని ఊళ్లో తాయెత్తు కట్టారు. ఈ మధ్య ఎవరో పిలుస్తున్నారంటోంది. అమ్మకు పిచ్చి పట్టిందా సార్?
— ఒక కూతురు

జవాబు: మీ ఉత్తరంలో నా కళ్లు ఆ దుప్పటి దగ్గరే ఆగిపోయాయి తల్లీ. నల్లగొండ ఎండల్లో చలి వేస్తోందంటే ముందు మెడలో ఉండే థైరాయిడ్ గ్రంథి సంగతి చూడాలి. అది వదిలే హార్మోన్ తగ్గితే ఒంట్లో ప్రతి పనీ నెమ్మదిస్తుంది, మెదడు కూడా. దిగులు, మతిమరుపు వస్తాయి. అరుదుగా లేని గొంతులు వినపడతాయి. 1949లోనే రిచర్డ్ ఆషర్ అనే బ్రిటిష్ డాక్టరు ఇలాంటి 14 మంది గురించి రాశారు. థైరాయిడ్ మందుతో వాళ్లలో ఎక్కువమంది కోలుకున్నారు.

తాయెత్తులతో నెలలు పోగొట్టుకుని వచ్చేవాళ్లను చూస్తే నాకు కడుపు తరుక్కుపోతుంది. ఈ వారమే టీఎస్‌హెచ్, ఫ్రీ టీ4 అనే థైరాయిడ్ రక్త పరీక్షలు చేయించండి. గొంతులు వినపడుతున్నాయి కాబట్టి రిపోర్టు కోసం ఆగకుండా మానసిక వైద్యుడికీ చూపించండి. అన్ని దిగుళ్లకూ థైరాయిడే కారణం కాదు. అమ్మ పిలిచినా లేవనంత మగతగా ఉంటే మాత్రం వెంటనే 108కి ఫోన్ చేయండి.

డాక్టరు థైరాక్సిన్ (థైరాయిడ్ హార్మోన్) మాత్ర రాస్తే పరగడుపున నీళ్లతో ఇవ్వండి, టీ అరగంట తర్వాతే. ఐరన్, కాల్షియం మాత్రలకు నాలుగు గంటల ఎడం ఉండాలి. మనసు తేరుకోవడానికి వారాలు పడుతుంది, మధ్యలో ఆపేయకండి. 6 నుంచి 8 వారాలకు మళ్లీ టీఎస్‌హెచ్ చూపించండి.