అబ్బయా, ఆ కరెంటు సామాన్ల లిస్టు పక్కన పెట్టు ముందు

టంగుటూరు పొగాకు బ్యారన్‌లో మీ తాత మూలన పడేసిన రాజ్‌దూత్ 350 మోటార్‌సైకిల్‌ని నువ్వు బయటికి లాగావని మీ అమ్మ చెబితే మొదట నమ్మలేదు. ఫొటోలు చూశాక నమ్మక తప్పలేదు. 1983లో ఎస్కార్ట్స్ వాళ్లు యమహా డిజైన్‌తో ఇక్కడ దించిన బండి, ఆరు గేర్లు, రెండు సిలిండర్లు, ఆ రోజుల్లో మన ట్రంకు రోడ్డు మీద దాని వెనక పొగ తాగినవాళ్లే అందరూ. ఆ కథలు మీ నాన్న చెబుతాడులే, బావకి అవంటే ప్రాణం. నాకు భయమేసింది నీ లిస్టు చూసి. స్పార్క్ ఇచ్చే కాయిళ్లు కొత్తవి రెండు, ఛార్జింగ్ వోల్టేజిని అదుపులో పెట్టే రెగ్యులేటర్, ఆ కరెంటుని బ్యాటరీకి పనికొచ్చే డీసీగా మార్చే రెక్టిఫైయర్, వైరింగ్ మొత్తం, పైగా పాయింట్ల బదులు పెట్టే ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్. ఏంది ఇదంతా? పాత సామాన్లలో ఒక్కటంటే ఒక్కటి మల్టీమీటర్ పెట్టి చూశావా?

నేనూ ఇదే పని చేశాను కాబట్టి చెబుతున్నా. నా బండి ఒక సిలిండర్ మీదే కొట్టుకుంటుంటే కాయిల్ మార్చాను, పోలేదు, కండెన్సర్ మార్చాను, పోలేదు, చివరికి ఒంగోల్లో ఒక ఎలక్ట్రీషియన్ దగ్గర వదిలితే ఆయన వైరింగ్ మధ్యలో కత్తిరించి, ఎక్కడ చూసినా ఒకటే ఎర్ర వైరుతో జాయింట్లు వేసి ఇచ్చాడు. రెండు నెలలు పోయాయి. తప్పు ఎక్కడుందో తెలుసా? ట్యాంకు కింద రెండు వైర్లని కలిపే ఒక బుల్లెట్ కనెక్టర్, లోపల చిలుం పట్టి పచ్చగా ఉంది, అంతే. బయటికి బాగానే కనిపించేది, గోటితో రబ్బరు వెనక్కి లాగితే పచ్చపొడి రాలింది. మనది సముద్రపు గాలి అబ్బయా, కొత్తపట్నం నుంచి మైపాడు దాకా ఎక్కడ పెట్టినా ఇత్తడిని ఆ ఉప్పు వదలదు.

కాబట్టి ముందు బ్యాటరీ పెట్టకు, కీ తిప్పకు. పాత వైరింగ్‌ని కత్తిరించకుండా పూర్తిగా విప్పి నేల మీద పరిచెయ్. ప్రతి కొసకీ తెల్ల టేపు అంటించి, ఎక్కడి నుంచి వచ్చిందో రాసి, ఫొటో తీసుకో. అది పనికిరాకపోయినా పారేయకు, కొత్తది కట్టుకోవాలంటే కొలత అదే. యమహా పద్ధతిలో ఎరుపు బ్యాటరీ నుంచి కీ దాకా వస్తుంది, కీ దాటాక బ్రౌన్, నలుపు ఎర్త్. ఈ మూడూ తెలిస్తే సగం బండి అర్థమైనట్టే. ఎలుకలు కొరికినచోట ఎటూ తెలుస్తుంది. కొరకనిచోట కూడా కొస దగ్గర అంగుళం తొక్క ఒలిచి చూడు, రాగి నల్లబడి ఉంటే ఆ వైరు తీసెయ్, ఎర్రగా మెరిస్తే ఉంచు.

కనెక్టర్లకి మీ అత్త ఇత్తడి చెంబులు తోమే చింతపండే వాడాను నేను, పిప్పితో రుద్దితే చిలుం ఇట్టే పోతుంది. కానీ పులుపు వైరు మొదట్లోకి దిగితే అదే మళ్లీ తినేస్తుంది, కాబట్టి వెంటనే కాస్త వంటసోడా కలిపిన నీళ్లతో, తర్వాత మంచినీళ్లతో కడిగి, ఒక పూట ఎండలో పెట్టి, పల్చగా వాజలైన్ రాసి బిగించు. వదులైపోయినవి మాత్రం మార్చెయ్, వాటి మీద జాలి పడొద్దు.

ఎర్త్ సంగతి గట్టిగా చెబుతున్నా, ఎందుకంటే నువ్వు ఫ్రేమ్‌కి పౌడర్ కోటింగ్ చేయిస్తానన్నావు. చేయించు, అందంగా ఉంటుంది, కానీ ఆ కోటింగ్ కరెంటుని దాటనివ్వదు. కాయిళ్లు బిగించేచోట, రెక్టిఫైయర్ కింద, బ్యాటరీ నెగటివ్ పట్టేచోట బోల్టు వెడల్పున గీకి ఇనుము కనబడేలా చెయ్. అది కాక ఇంజిన్ నుంచి బ్యాటరీ నెగటివ్‌కి ఒక లావు వైరు విడిగా వేసుకో. కొత్త పెయింట్ వేశాక బండి స్టార్ట్ కావట్లేదని నా దగ్గరికి వచ్చిన వాళ్లలో ఎక్కువమందికి ఇదే జబ్బు.

ఇక ఇగ్నిషన్. ఈ బండిలో ఉన్న సుఖమేంటంటే రెండు సిలిండర్లకీ విడివిడిగా పాయింట్లు (కాయిల్‌కి కరెంటు కలిపి తెంపే చిన్న స్విచ్చులు), వాటి మధ్య మెరుపుని అణిచే కండెన్సర్, కాయిల్. అంటే పోల్చి చూసుకోవడానికి మంచి సామాను పక్కనే ఉన్నట్టు. ఎడమవైపు స్పార్క్ లేదనుకో, కాయిల్ తీసి కుడివైపుకి మార్చు, జబ్బు కూడా కాయిల్‌తో పాటు కుడివైపుకి వెళ్తే కాయిలే దొంగ, వెళ్లకపోతే కండెన్సర్ మార్చి చూడు. కాయిల్ ప్రైమరీ, అంటే బ్యాటరీ కరెంటు పారే చుట్టు, మీటర్ మీద నాలుగు ఓమ్స్ అటూఇటూ చూపించాలి. పాయింట్ల గ్యాప్ 0.3 నుంచి 0.4 మిల్లీమీటర్లు. పాయింట్ల మధ్య నీలంగా పెద్ద మెరుపు వస్తూ, ఒకవైపు గుంట పడి రెండోవైపు మొటిమ లేస్తుంటే కండెన్సర్ని అనుమానించు. కీ ఆన్‌లో పెట్టి ఫోన్ మాట్లాడుతూ కూర్చోకు, పాయింట్లు మూసుకుని ఉంటే కాయిల్ వేడెక్కి పోతుంది. బ్యాటరీ ప్లస్‌కీ కాయిల్ ప్లస్‌కీ మధ్య మీటర్ పెడితే అర వోల్టు కంటే ఎక్కువ తేడా రాకూడదు, వస్తే కీ స్విచ్చో కనెక్టరో తినేస్తోందన్నమాట. ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్ చెడ్డదని అనను, కానీ చిలుం పట్టిన వైరింగ్ మీద అది పెడితే రెండు కొత్త తలనొప్పులు.

ఛార్జింగ్‌కి వస్తే, ఇంజిన్‌తో పాటు తిరుగుతూ కరెంటు పుట్టించే రోటర్ మీద రాగి రింగులు, వాటికి ఆనుకునే బొగ్గు బ్రష్షులు ఉంటాయి. చాలాసార్లు అవి అరిగిపోవడమో, రింగుల మీద నల్లటి జిడ్డు పట్టడమో జరుగుతుంది. కీ ఆన్ చేసి ఒక స్క్రూడ్రైవర్ రోటర్ దగ్గర పెట్టు, అయస్కాంతంలా లాగాలి. లాగకపోతే వాటినే చూడు. ఇంజిన్ నిమిషానికి మూడు వేల చుట్లు తిరిగే దగ్గర బ్యాటరీ మీద 14 నుంచి 14.5 వోల్టులు వస్తే ఆ రెగ్యులేటర్ జోలికెళ్లకు, దాని మూత కూడా తీయకు. బ్యాటరీ వైరు పీకి ఇంజిన్ నడిపి చూసే పిచ్చి పని ఎవరైనా నేర్పిస్తే వినకు, రెక్టిఫైయర్ పోతుంది. ఫ్యూజ్ 20 ఆంప్స్‌ది వెయ్, సిగరెట్ పెట్టెలో వెండి కాగితం చుట్టే తెలివితేటలు వద్దు.

ఇన్నీ చూశాక కూడా కొనాల్సినవి మిగిలితే, పినాకిని రైలెక్కి చెన్నైలో పాత బండి సామాన్లు అమ్మే పుదుపేట పోదాం. నువ్వు ఒక్కడివే పోకు. పాత సామాను సంచిలో పెట్టుకో, మీటర్ జేబులో ఉండాలి. రాజ్‌దూత్ అనగానే చాలామందికి ఆ చిన్న 175 బండే గుర్తొస్తుంది, దాని 6 వోల్టుల కాయిల్ చేతిలో పెట్టి ఇదేనంటారు. మీటర్ నాలుగు ఓమ్స్‌లో సగం కూడా చూపించకపోతే అక్కడే ఇచ్చెయ్. ఇంటికొచ్చాక ఎవరూ వాపసు తీసుకోరు.

ఆదివారం నెల్లూరు వస్తానన్నావుగా, ఆ వైరింగ్, కాయిళ్లు, పాయింట్ల ప్లేటు సంచిలో వేసుకుని రా. ఆ ప్లేటు స్క్రూలు మాత్రం వెంటనే విప్పకు, ముందు మార్కింగ్ గీసి, ఫొటో తీసి, అప్పుడు విప్పు. మా అత్తని చూడ్డానికి వచ్చానని చెప్పు, లేకపోతే ఆమె మనిద్దరినీ వరండాలోకి రానివ్వదు.