జెండర్ సర్జరీకి అమెరికా ఇన్సూరెన్స్: మీ జేబులోంచి పోయేది ఎంత?

ప్రశ్న: హెచ్1బీ మీద ఈ ఏడాదే అమెరికా వచ్చాను. ట్రాన్స్ మహిళను. ఇండియాలో ఉన్నప్పటినుంచే హార్మోన్లు వాడుతున్నాను. కంపెనీ ఇన్సూరెన్స్‌తో సర్జరీ చేయించుకోవచ్చంటున్నారు. నిజమేనా? చేతినుంచి ఎంత పడుతుంది?

జవాబు: చాలా ప్లాన్లలో నిజమే. ఇన్సూరెన్స్‌తో సర్జరీ చేయించుకుని, అప్పులపాలు కాకుండా బయటపడ్డ మనవాళ్లు ఉన్నారు. కానీ మీ రెండో ప్రశ్నే అసలైనది. కొత్తగా వచ్చినవాళ్లు ఆఫర్ లెటర్‌లో జీతం అంకెను పదిసార్లు చూసుకుంటారు, ఇన్సూరెన్స్ పత్రాన్ని ఒక్కసారీ తెరవరు. సర్జన్ దగ్గరికి వెళ్లాక తెరిస్తే అప్పటికే ఆలస్యం.

కార్డు మీద ఏ కంపెనీ పేరుందో చూసి ధైర్యపడకండి. ఒకే కంపెనీ కార్డు ఉన్న ఇద్దరిలో ఒకరికి సర్జరీ కవర్ కావచ్చు, ఇంకొకరికి కాకపోవచ్చు. పెద్ద సంస్థలు చాలావరకు ఉద్యోగుల వైద్యఖర్చును సొంత డబ్బుతో భరిస్తాయి. కార్డు మీది కంపెనీ లెక్కలు చూసిపెడుతుంది, అంతే. ఇది సెల్ఫ్ ఫండెడ్ ప్లాన్. 1974 నాటి ఎరిసా అనే ఫెడరల్ చట్టం కిందికి వస్తుంది, రాష్ట్ర ఇన్సూరెన్స్ చట్టాలు దీనికి వర్తించవు. ఖర్చును ఇన్సూరెన్స్ కంపెనీయే భరించేది ఫుల్లీ ఇన్సూర్డ్ ప్లాన్, దానికి రాష్ట్ర నియమాలు వర్తిస్తాయి. కాలిఫోర్నియా, న్యూయార్క్, వాషింగ్టన్ లాంటి రాష్ట్రాలు ఈ వైద్యాన్ని పాలసీలోంచి గంపగుత్తగా తీసేయడానికి ఒప్పుకోవు. అయినా మీరు కాలిఫోర్నియాలో ఉండి ప్లాన్ సెల్ఫ్ ఫండెడ్ అయితే ఆ రక్షణ మీకు లేనట్టే. ప్లాన్ ఏ రకమో హెచ్ఆర్‌ని అడగండి. ఎందుకు అడుగుతున్నారో చెప్పనక్కర్లేదు.

తరువాత పూర్తి ప్లాన్ పత్రం సంపాదించండి. నాలుగు పేజీల సారాంశం చాలదు. సమ్మరీ ప్లాన్ డిస్క్రిప్షన్ కావాలని ప్లాన్ అడ్మినిస్ట్రేటర్‌కు రాతపూర్వకంగా రాస్తే 30 రోజుల్లో ఇవ్వాలి. అందులో ఎక్స్‌క్లూజన్స్, అంటే ప్లాన్ కవర్ చేయనివాటి జాబితా ఉన్న భాగం ముందు చదవండి. జెండర్, సెక్స్ ట్రాన్స్‌ఫర్మేషన్, కాస్మెటిక్ అన్న మాటలను ఒక్కొక్కటిగా వెతకండి. ఈ ఏడాది పత్రమే చూడాలి. 2026 నుంచి వ్యక్తిగత, చిన్న సంస్థల ప్లాన్లలో ఈ వైద్యాన్ని తప్పనిసరి ప్రయోజనంగా లెక్కించకూడదని ఫెడరల్ నియమం వచ్చింది. నిరుటి మాట పట్టుకుని దిగితే నష్టపోతారు.

కన్సల్టెన్సీల ద్వారా వచ్చినవాళ్లకు ఒక హెచ్చరిక. కొన్ని కన్సల్టెన్సీలు ఎంఈసీ అనే పలచని ప్లాన్ అంటగడతాయి. టీకాలు, పరీక్షలు తప్ప ఆసుపత్రి ఖర్చు దాదాపు ఏదీ అందులో రాదు. సర్జరీ మీ లెక్కలో ఉంటే, ఆఫర్ మీద సంతకం పెట్టకముందే ప్లాన్ పత్రం అడగండి. విద్యార్థులూ అంతే. యూనివర్సిటీ ప్లాన్ ఖరీదని వదులుకుని బయట చవక ప్లాన్ కొనేముందు రెండింటి ఎక్స్‌క్లూజన్లూ పక్కపక్కన పెట్టి చూడండి. చవక ప్లాన్‌లో మిగిలే కొన్ని వందల డాలర్ల కోసం వేల డాలర్ల సర్జరీ పోగొట్టుకోవద్దు.

ప్లాన్‌లో కవరేజీ ఉందని తేలాక రెండో పత్రం ఇన్సూరెన్స్ కంపెనీ మెడికల్ పాలసీ. చాలా కంపెనీలు వెబ్‌సైట్‌లోనే పెడతాయి. ఏ సర్జరీకి ఏ షరతులో అందులో వరుసగా ఉంటాయి. చాలావాటికి ఆధారం డబ్ల్యూపాత్ అనే వైద్య సంఘం ప్రమాణాలు. 2022లో వచ్చిన ఎనిమిదో ఎడిషన్ పెద్దవాళ్లకు ఒక నిపుణుడు రాసిచ్చే ఒక్క సిఫారసు లెటర్ చాలంటుంది, జననాంగాల సర్జరీకి ముందు కనీసం 6 నెలల హార్మోన్లు సూచిస్తుంది. ఇంకా పాత ఎడిషన్ పద్ధతిలోనే నడుస్తూ ఇద్దరు నిపుణుల లెటర్లు, 12 నెలల హార్మోన్లు అడిగే కంపెనీలు ఉన్నాయి. కొత్త ప్రమాణం ఏమంటుందని వాదించి లాభం లేదు, మీ పాలసీలో ఏముందో అదే తెచ్చిపెట్టాలి.

ఎక్కువ తిరస్కరణలు లెటర్ల దగ్గరే మొదలవుతాయి. రాసినవారి లైసెన్స్ వివరాలు, మిమ్మల్ని ఎప్పటినుంచి చూస్తున్నారు, జెండర్ డిస్ఫోరియా (పుట్టుకతో రాసిన జెండర్‌తో పొసగక కలిగే బాధ) నిర్ధారణ (కోడ్ సాధారణంగా ఎఫ్64.0), హార్మోన్లు మొదలైన తేదీ, సమ్మతి ఇచ్చే సామర్థ్యం మీకుందన్న మాట, మిగతా ఆరోగ్య సమస్యలుంటే అవి అదుపులో ఉన్నాయన్న మాట, కావలసిన సర్జరీ పేరు స్పష్టంగా, ఇవన్నీ ఉండాలి. "సర్జరీకి సిఫారసు చేస్తున్నాను" అని ఊరికే రాస్తే తిప్పి పంపుతారు. కొన్ని పాలసీలు లెటర్ ఏడాదిలోపుదే కావాలంటాయి. ముందే రాయించుకుని అపాయింట్‌మెంట్ కోసం ఎదురుచూస్తుంటే ఆ గడువు దాటిపోతుంది.

పేరు సంగతి మనవాళ్లకు మరీ ముఖ్యం. పాస్‌పోర్టులో ఇంటిపేరు ముందో వెనకో, ఒకచోట ఇనిషియల్, ఇంకోచోట పూర్తి పేరు, పైగా మీరు పిలిపించుకునే కొత్త పేరు. ఇన్సూరెన్స్ కార్డు మీది పేరు, పుట్టిన తేదీ ఉన్నవి ఉన్నట్టు లెటర్‌లో ఉండాలి. మీ పేరు పక్కన రాయించండి, కానీ కార్డు పేరు లేకుండా వద్దు.

ఇండియాలో వాడిన హార్మోన్లు లెక్కలోకి రావాలంటే డాక్టర్ ప్రిస్క్రిప్షన్లు, ల్యాబ్ రిపోర్టులు, మందుల బిల్లులు తేదీలతో సహా ఇక్కడి ఎండోక్రైనాలజిస్ట్‌కు (హార్మోన్ల డాక్టర్) ఇచ్చి, చరిత్రంతా వారి నోట్స్‌లోకి ఎక్కించండి. ఇన్సూరెన్స్ వాళ్లు చూసేది ఆ నోట్సే. ప్రిస్క్రిప్షన్ లేకుండా కొని వాడిన నెలలను చాలామంది లెక్కించరు.

ఇప్పుడు ప్రయర్ ఆథరైజేషన్, అంటే ముందస్తు అనుమతి. సర్జన్ ఆఫీసే అర్జీ పెడుతుంది, మీరు మాత్రం బిల్లులో ఒక్కో చికిత్సకు వాడే కోడ్‌లు ఏవి పంపారో అడిగి రాసుకోండి. ప్రతి కోడ్‌కూ అనుమతి విడిగా రావాలి. ఉదాహరణకు రొమ్ము తొలగించే ఛాతీ సర్జరీలో 19303కి అనుమతి వచ్చి, చనుమొన పునర్నిర్మాణం 19350కి రాకపోతే ఆ తేడా మీ మీద పడుతుంది. మీకు వజైనోప్లాస్టీ (యోనిని ఏర్పరిచే సర్జరీ) అయితే, ముందు చేయించుకోవాల్సిన ఎలక్ట్రాలిసిస్ (వెంట్రుకలను శాశ్వతంగా తీసేయడం) కూడా కవర్ అవుతుందేమో చూడండి. కోడ్ 17380, 30 నిమిషాలకు ఒక లెక్క. ఎలక్ట్రాలజిస్టుల్లో చాలామంది ఇన్సూరెన్స్ తీసుకోరు. మీరు కట్టి, కోడ్‌లున్న బిల్లు తీసుకుని, రీయింబర్స్‌మెంట్‌కు పంపాలి. దానికీ ముందే అనుమతి అడగండి. ముఖం సర్జరీని మాత్రం చాలా ప్లాన్లు కాస్మెటిక్ కిందే తోసేస్తాయి.

ఇక డబ్బు. ఒక లెక్క వేద్దాం. డిడక్టిబుల్, అంటే ఇన్సూరెన్స్ కట్టడం మొదలుపెట్టేముందు మీరు కట్టాల్సింది, 2,000 డాలర్లు, ఆ పైన మీ వాటా 20 శాతం, ఏడాదిలో మీ జేబులోంచి పోయేదానికి గరిష్ఠ పరిమితి 6,000 అనుకోండి. నెట్‌వర్క్‌లో, అంటే ఇన్సూరెన్స్ కంపెనీతో ఒప్పందం ఉన్న డాక్టర్లు, ఆసుపత్రుల దగ్గర, ఆమోదించిన బిల్లు 60,000. ముందు 2,000, మిగిలిన 58,000లో 20 శాతం 11,600. మొత్తం 13,600 అవుతుంది కానీ పరిమితి 6,000 దగ్గర ఆగిపోతుంది. ఆ అంకె దాటాక ఆ ఏడాదిలో నెట్‌వర్క్‌లోని కవరయ్యే వైద్యానికి మీరు ఇంకేమీ కట్టనక్కర్లేదు. 2025లో చట్టం ఒక వ్యక్తికి అనుమతించిన గరిష్ఠం 9,200 డాలర్లు. అందుకే ఎలక్ట్రాలిసిస్, సర్జరీ, సరిదిద్దే చిన్న సర్జరీ ఒకే ప్లాన్ ఏడాదిలో పడేలా చూసుకోండి. నవంబర్‌లో సర్జరీ, ఫిబ్రవరిలో రెండోది అయితే, జనవరిలో కొత్త ఏడాది మొదలయ్యే ప్లాన్లో డిడక్టిబుల్ రెండుసార్లు కట్టినట్టు.

ఈ లెక్కంతా నెట్‌వర్క్‌లోనే. బయటి సర్జన్ అయితే ఆ పరిమితి కాపాడదు, తేడా బిల్లు ఎంతైనా రావచ్చు. నెట్‌వర్క్‌లో ఈ సర్జరీ చేసేవారు ఎవరూ లేకపోతే నెట్‌వర్క్ గ్యాప్ ఎక్సెప్షన్ అడగండి. ఒప్పుకుంటే బయటి సర్జన్‌కూ నెట్‌వర్క్ లెక్కే వేస్తారు. రాతపూర్వకంగా, సర్జరీకి ముందే కావాలి. నెట్‌వర్క్ ఆసుపత్రిలో బయటి మత్తు డాక్టర్ వచ్చినా, 2022 జనవరి నుంచి అమల్లో ఉన్న నో సర్‌ప్రైజెస్ చట్టం వల్ల వారు అదనపు బిల్లు వేయకూడదు.

తిరస్కరణ వస్తే కంగారు పడకండి, ఫోన్‌లో వాదించకండి. తిరస్కరణ లేఖలో కారణం, ఏ పాలసీ వాక్యం ఆధారమో ఉంటాయి. పత్రం తక్కువని అంటే ఆ పత్రం తెచ్చి మళ్లీ పంపితే పని అవుతుంది. వైద్య అవసరం లేదంటే సర్జన్ చేత ఇన్సూరెన్స్ డాక్టర్‌తో పీర్ టు పీర్ మాట్లాడించండి. అదీ కుదరకపోతే అప్పీల్. 180 రోజుల సమయం ఉంటుంది. పాలసీలోని ఒక్కో షరతు రాసి, దాని పక్కన మీ రికార్డులో ఏ పేజీ దాన్ని నెరవేరుస్తుందో చూపండి, బాధ వెళ్లబోసుకున్న లేఖకంటే ఇది బలంగా పనిచేస్తుంది. లోపలి అప్పీల్ ఓడితే 4 నెలల్లోపు బయటి స్వతంత్ర సమీక్ష అడగొచ్చు, మామూలుగా 45 రోజుల్లో తేలుతుంది. వైద్య అవసరం మీద వచ్చే తగాదాలకే ఈ దారి. ప్లాన్‌లోనే మినహాయింపు ఉంటే ఇది పనిచేయదు.

సెలవు మాటా డబ్బు మాటే. ఎఫ్ఎంఎల్ఏ (కుటుంబ, వైద్య సెలవుల ఫెడరల్ చట్టం) కింద 12 వారాల సెలవు జీతం లేనిది. అదీ 12 నెలల ఉద్యోగం, 1,250 గంటల పని పూర్తయ్యాకే, అదీ 50 మంది లేదా అంతకు ఎక్కువ ఉన్న సంస్థల్లో. మీరు ఈ ఏడాదే చేరారు కాబట్టి తేదీ లెక్కపెట్టుకోండి. షార్ట్ టర్మ్ డిజబిలిటీ ఇన్సూరెన్స్ ఉంటే జీతంలో కొంత వస్తుంది, ముందే నమోదై ఉండాలి. సెలవు మీరే అడిగారని చూపే మెయిల్ దాచుకోండి, హెచ్1బీ ఫైల్‌కు అవసరం. ఎఫ్1 విద్యార్థి వీసా వారు కోర్సులు తగ్గించుకునేముందు డీఎస్ఓ (కాలేజీలో వీసా వ్యవహారాలు చూసే అధికారి) అనుమతి తీసుకోవాలి.

భర్త, భార్య, తల్లిదండ్రుల ప్లాన్‌లో ఉన్నవాళ్లు ఒకటి గమనించాలి. ఖర్చుల వివరం తెలిపే ఈఓబీ పాలసీదారుకు వెళుతుంది, ఇంట్లో ఇంకా చెప్పనివారికి అది పెద్ద ప్రమాదం. వేరే చిరునామాకు పంపమని కాన్ఫిడెన్షియల్ కమ్యూనికేషన్ అర్జీ పెట్టొచ్చు. బయటపడితే మీకు హాని అని రాస్తే ప్లాన్ ఒప్పుకోవాలి. ఇది మొదటి డాక్టర్ అపాయింట్‌మెంట్‌కు ముందే పెట్టండి.

అనుమతి చేతికొచ్చాక సర్జరీకి ముందే ఉద్యోగం పోతే, 20 మంది లేదా అంతకు ఎక్కువ ఉన్న సంస్థ అయితే కోబ్రా, అంటే ఉద్యోగం పోయాక కూడా అదే ప్లాన్‌ను కొనసాగించుకునే హక్కు, అడగండి. 60 రోజుల్లో నిర్ణయించుకోవచ్చు, గరిష్ఠంగా 18 నెలలు నడుస్తుంది, కంపెనీ కట్టే వాటాతో కలిపి ప్రీమియంలో 102 శాతం దాకా మీరే కట్టాలి. ఉద్యోగం పోయాక అమెరికాలో ఉండటానికి హెచ్1బీకి ఇచ్చే గరిష్ఠంగా 60 రోజుల గడువూ అప్పుడే నడుస్తుంటుంది. అదే ప్లాన్ కాబట్టి, అనుమతి ఇంకా చెల్లుతుందని ఇన్సూరెన్స్ వాళ్ల చేత రాయించుకుని ఆ ప్రీమియం కట్టండి.