టెక్ సందేహాలు: చివరి ఎక్స్ తీసేస్తే డాక్స్ డాక్ అవుతుందా?

పర్లాకిమిడి నుంచి ఒక పాఠకురాలు: "మా తెలుగు సంఘం ఉగాది సంచికకు శ్రీకాకుళం నుంచి ఒకరు వ్యాసం పంపారు. ఫైలు పేరు చివర డీఓసీఎక్స్ ఉంది. మా వీధి జిరాక్స్ షాపులో వర్డ్ 2003. తెరిస్తే మొదట పీకే అనే ఇంగ్లిష్ అక్షరాలు, ఆ తర్వాత అంతా పిచ్చి గుర్తులు. షాపతను ఎక్స్ తీసేసి చూశాడు, అదే వరస. ఫైలు పాడైపోయిందా?"

పాడై ఉండకపోవచ్చండీ. జిప్ ఫైళ్లు, అంటే కొన్ని ఫైళ్లను కుదించి ఒకే మూటగా కట్టినవి, మామూలుగా ఆ పీకేతోనే మొదలవుతాయి. జిప్‌ను తయారుచేసిన ఫిల్ కాట్జ్ పొడి అక్షరాలవి. డాక్స్ (పేరు చివర డీఓసీఎక్స్ ఉన్న వర్డ్ ఫైలు) కూడా లోపల జిప్పే. వర్డ్ 2003 దాకా వాడిన డాక్ వేరే అమరిక. అందులో అంతా బైనరీ, అంటే మనం నేరుగా చదవలేని సంకేతాలు. వర్డ్ 2007తో డాక్స్ వచ్చింది. ప్రమాణాలు రూపొందించే సంస్థలైన ఎక్మా 2006లో, ఐఎస్ఓ 2008లో దాన్ని ప్రమాణంగా ఒప్పుకున్నాయి కాబట్టి ఇతర కంపెనీల సాఫ్ట్‌వేర్లూ చదవగలుగుతున్నాయి. కందిపప్పు డబ్బా మీద చీటీ మార్చితే అది పెసరపప్పు కాదు కదా, షాపతను చేసింది అదే. కొత్త వర్డ్‌లో తెరిచి, సేవ్ యాజ్‌లోకి వెళ్లి 97-2003 రకం ఎంచుకుంటేనే నిజంగా డాక్ అవుతుంది. నన్నడిగితే ఆ తిప్పలు కూడా వద్దు. ఉచితంగా దొరికే లిబ్రేఆఫీస్‌లో తెరవండి. పేజీల అమరిక కాస్త అటూఇటూ కావచ్చు, అక్షరం మాత్రం పోదు.

లోపల ఏముందో చూడాలని సరదాగా ఉంటే, ఫైలుకు ఒక నకలు తీసి, దాని పేరు చివర జిప్ అని మార్చి విప్పండి. వర్డ్ అనే ఫోల్డర్లో డాక్యుమెంట్ డాట్ ఎక్స్‌ఎంఎల్ కనిపిస్తుంది. వ్యాసమంతా అందులోనే, గుర్తుల మధ్య మామూలు అక్షరాలుగా ఉంటుంది. ఫొటోలు పక్కనే మీడియా ఫోల్డర్లో విడివిడిగా ఉంటాయి. సంచికకు ఫొటోలు అచ్చు వేయాలంటే వర్డ్ పేజీని స్క్రీన్‌షాట్ తీసే బదులు వాటిని ఇక్కడి నుంచి తీసుకోండి, నయంగా ఉంటాయి.

ఇంకో మాట. జిప్‌లో ఏది ఎక్కడుందో చెప్పే పట్టిక చివర ఉంటుంది. సిగ్నల్ పోయి ఫైలు సగమే దిగితే ఆ పట్టిక రాదు, అప్పుడు మొదటి పేజీ కూడా తెరుచుకోదు. కాబట్టి లిబ్రేఆఫీస్ కూడా మొరాయిస్తే ముందు ఫైలు సైజు పంపినవారిని అడిగి సరిచూడండి. తక్కువుంటే మళ్లీ పంపించుకోవడమే.

సిరొంచ నుంచి మరొకరు: "మంచిర్యాలలో టైపు చేయించిన శుభలేఖ డాక్స్ ఫైలు నా ఫోన్లో తెలుగుకు బదులు ఇంగ్లిష్ అక్షరాలు చూపిస్తోంది."

ఫైలు బాగానే ఉంది, చిక్కు ఫాంటుది. అను వంటి పాత ఫాంట్లలో టైపు చేస్తే ఫైల్లో నిజంగా చేరేవి ఇంగ్లిష్ అక్షరాల సంకేతాలే. ఆ ఫాంటు ఉన్న కంప్యూటర్లోనే అవి తెలుగులా కనిపిస్తాయి. వర్డ్ మామూలుగా ఫాంటును డాక్స్‌లో పెట్టి పంపదు. చదువుకోవడానికీ అచ్చుకూ అయితే పీడీఎఫ్ పంపమనండి. పేర్లు, ముహూర్తం మీరే దిద్దుకోవాలంటే తెలుగు అక్షరాలకు సొంత సంకేతాలున్న యూనికోడ్‌లోకి మార్చి ఇమ్మనండి. మార్చాక ఒత్తులు ఒకసారి చూసుకోవాలి, ముఖ్యంగా వియ్యంకుల పేర్లలో.