కప్పు మైదా అంటే 240 గ్రాములు కాదండి

కేక్ గట్టిగా వచ్చింది, ఓవెన్ తప్పేమో అని ఒకరు అడిగారు. ఓవెన్ తప్పేం లేదండి. 2 కప్పుల మైదాకి 480 గ్రాములు వేశానన్నారు కదా, కేక్ గట్టిపడింది అందుకే. కప్పుకి 240 అనేది మిల్లీలీటర్ల లెక్క. నీళ్లకి సరిపోతుంది, పిండికి కాదు.

1. కప్పు మైదా 120-125 గ్రాములు. పంచదార 200, వెన్న 227.

2. చాలామంది గమనించనిది ఇదే: ఈ 120, స్పూనుతో వదులుగా నింపి పైన చాకుతో సమం చేసిన కప్పు బరువు. డబ్బాలో ముంచి తీస్తే పిండి అణిగిపోయి 140-150 వస్తుంది. అందుకే కప్పు పక్కన పెట్టి నేరుగా తూయండి.

3. ముందు ఖాళీ గిన్నె పెట్టి కాటా సున్నా చేయండి.

బేకింగ్ పౌడర్, ఉప్పు మాత్రం స్పూనుతోనే కొలవండి. రెండు మూడు గ్రాముల్ని మామూలు వంటింటి కాటా సరిగ్గా చూపించదు.